కట్టు విప్పకముందే వకాల్తా

రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, చనిపోయినవారి కుటుంబాలకు బీమా కంపెనీ నుంచి రావాల్సిన పరిహారం మీద ఆశపడి కేసుల్ని పోగుచేసుకునే వ్యాపారం ఒకటి దేశమంతా నడుస్తోంది. ప్రమాదం కబురు ఎక్కడ ముందుగా చేరుతుందో అక్కడ దళారి ఉంటాడు. ఆసుపత్రి క్యాజువాలిటీ గుమ్మం, మార్చురీ బయట చెట్టు నీడ, పోలీసు స్టేషన్ ఎదుటి టీ కొట్టు అతని అడ్డాలు. బాధితుడి చేత వకాల్తా మీద సంతకం పెట్టించి, ఆ కేసును ఒక న్యాయవాదికి అప్పగించి కమీషన్ తీసుకుంటాడు. లేదంటే డబ్బు వచ్చేదాకా వెంట తిరిగి పావు వంతో మూడో వంతో పట్టుకుపోతాడు. ఇందులో రెండు రకాల నష్టాలున్నాయి. నిజమైన బాధితుడికి దక్కాల్సిన సొమ్ము దారిలోనే తరిగిపోవడం ఒకటి. జరగని ప్రమాదాన్ని జరిగినట్టు, ఒక బండి చేసిన ప్రమాదాన్ని ఇంకో బండి చేసినట్టు చూపించి బీమా సొమ్ము కాజేయడం రెండోది. రెండో దాన్ని పట్టుకోవడానికి చట్టాలు గట్టిగానే ఉన్నాయి. మొదటిదాని దగ్గరే అవి బలహీనపడుతున్నాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పరిస్థితులు ఇలాంటి దళారులకు అనువుగా ఉన్నాయి. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా భోగాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి ఊళ్లను ఒరుసుకుంటూ పోతుంది. అటు పొలం, ఇటు ఇల్లు. జీడి కార్మికులు, పైడిభీమవరం ఫ్యాక్టరీలకు షిఫ్టులకు వెళ్లేవాళ్లు, తాపీ పనివాళ్లు, చేపల గంపలతో ఆటో ఎక్కే ఆడవాళ్లు రోజూ ఆ రోడ్డు దాటాల్సిందే. దెబ్బ పెద్దదైతే ఊళ్లోవాళ్లెవరూ వెంట లేకుండానే విశాఖ కేజీహెచ్‌కు తరలిస్తారు. జీతం చీటీ ఉన్న ఉద్యోగులు తక్కువ, రోజు కూలీలు ఎక్కువ. ఇంటి పెద్ద మంచాన పడితే పోలీసు స్టేషన్‌కూ ఆసుపత్రికీ కోర్టుకూ తిరిగే మనిషే ఉండడు. ఆ తిరుగుడంతా తన మీద వేసుకుంటానని వచ్చినవాడు దేవుడిలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

లెక్క ముందే ఉంది

పరిహారం ఎంత రావాలన్నది దళారి పలుకుబడిని బట్టి తేలే సంగతి కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద బాధితులు ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఆంధ్ర కోర్టుల్లో దానికి ఎం.వి.ఒ.పి. నంబరు పడుతుంది. మొత్తాన్ని ఎలా లెక్కగట్టాలో సుప్రీంకోర్టు 2009లో ఒక తీర్పులో పట్టికగా ఇచ్చింది. 2017 అక్టోబరు 31న రాజ్యాంగ ధర్మాసనం దాన్ని స్థిరపరిచింది.

రణస్థలం పక్క పల్లెలో 32 ఏళ్ల తాపీ మేస్త్రి లారీ ఢీకొని చనిపోయాడనుకుందాం. నెలకు 12,000 రూపాయలు సంపాదించేవాడని ట్రైబ్యునల్ ఒప్పుకుంది. నలభై ఏళ్ల లోపు వయసు, సొంత పని కాబట్టి ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు. 16,800 అవుతుంది, ఏడాదికి 2,01,600. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడ్డారు కనుక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,51,200 మిగులుతుంది. 31 నుంచి 35 ఏళ్ల వారికి గుణకం 16. అంటే 24,19,200 రూపాయలు. భర్తను, తండ్రిని, కొడుకును పోగొట్టుకున్నందుకు ఒక్కొక్కరికి 40,000, ఆస్తి నష్టం కింద 15,000, అంత్యక్రియలకు 15,000 కలిపితే 26,09,200. ఈ చివరి మొత్తాలు మూడేళ్లకోసారి పది శాతం పెరగాలని కూడా ఆ ధర్మాసనమే చెప్పింది. ఆపైన వడ్డీ.

ఇందులో దళారి పావు వంతు పట్టుకుపోతే 6,52,300 రూపాయలు. మేస్త్రి నాలుగున్నరేళ్లు ఇటుక మీద ఇటుక పేర్చి సంపాదించేంత సొమ్ము అది. దళారి వల్ల ఈ లెక్కలో ఒక్క అంకె కూడా పెరగదు. లెక్కను పెంచేవీ తగ్గించేవీ వేరే ఉన్నాయి: సంపాదనకు రుజువు, వయసుకు రుజువు, గాయాల సర్టిఫికెట్, వైకల్యం ఎంత శాతమో చెప్పే డాక్టరు సాక్ష్యం, ఢీకొన్న బండికి ఆ రోజు బీమా ఉందా, నడిపినవాడికి లైసెన్సు ఉందా అన్నవి. వయసు దగ్గర చాలా కుటుంబాలు పొరపడతాయి. గుణకం వయసును బట్టి మారుతుంది కాబట్టి రెండేళ్ల తేడాకే లక్షలు తారుమారవుతాయి. పుట్టిన తేదీ తేల్చడానికి ఆధార్ సరైన ఆధారం కాదని, స్కూలు సర్టిఫికెట్‌నే నమ్మాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఉన్న టీసీ దళారి మాటకన్నా ఎక్కువ పని చేస్తుంది.

న్యాయవాదికి గీత గీసిన చట్టం

న్యాయవాదులు కేసుల కోసం ఎగబడకూడదన్నది భారత న్యాయ వ్యవస్థలో పాత కట్టుబాటే. 1961 అడ్వొకేట్స్ చట్టం 49వ సెక్షన్ కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నియమాల్లో 36వది ఏ న్యాయవాదీ ప్రకటనల ద్వారా గానీ, దళారుల ద్వారా గానీ, నేరుగా వెళ్లి గానీ కేసులు అడుక్కోకూడదంటుంది. 20వ నియమం గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందాన్నీ, వచ్చిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడాన్నీ నిషేధిస్తుంది. అలాంటి హక్కుల్ని కొనడాన్నీ, వాటితో వ్యాపారం చేయడాన్నీ 21వ నియమం కాదంటుంది. మీరితే అదే చట్టం 35వ సెక్షన్ కింద మందలింపు నుంచి సనదు రద్దు దాకా చర్యలున్నాయి.

కాగితం మీది ఈ నియమం మోటారు ప్రమాద కేసులో ఎలా పనిచేస్తుందో తెలంగాణ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక వివాదం తేటతెల్లం చేసింది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక మహిళ పరిహారం కేసు గెలిచారు. న్యాయవాదికి 10 లక్షల రూపాయలు ఫీజుగా ఇచ్చారు. వచ్చిన సొమ్ములో శాతం లెక్కన ఇంకా రావాలంటూ ఆయన 2014లో ఆమె చేత 3 లక్షలకు చెక్కు రాయించుకున్నారు. ఖాతాలో డబ్బు లేదని చెప్పినా బలవంతం చేశారని ఆమె వాదన. చెక్కు చెల్లలేదు. న్యాయవాది ఆమె మీదే చెక్ బౌన్స్ కేసు వేశారు. కేసు కొట్టేయమని ఆమె హైకోర్టుకు వెళితే కుదరదన్నారు. చివరికి 2017 డిసెంబరు 5న జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయల్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్ ధర్మాసనం ఆ క్రిమినల్ కేసును కొట్టేసింది. వచ్చిన సొమ్ములో శాతం ఫీజుగా మాట్లాడుకోవడం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రజా ప్రయోజనానికి విరుద్ధమని, అలాంటి బాకీ చట్టం దృష్టిలో బాకీయే కాదని తేల్చింది. ఫీజుల్ని నియంత్రించే చట్టం గురించి ఆలోచించమని కేంద్రానికి సూచించింది.

ఉత్తరాంధ్రలో సంతకాలు పెట్టి ఇరుక్కున్న కుటుంబాలకు ఈ తీర్పు చాలా ముఖ్యం. ఖాళీ చెక్కు ఇచ్చాం, ప్రామిసరీ నోటు రాశాం, ఇక చేసేదేముందని నోరు మూసుకుంటున్నవాళ్లు ఆ కాగితం న్యాయవాది శాతం వాటా కోసం రాయించుకున్నదైతే కోర్టులో నిలబడదని తెలుసుకోవాలి.

అలాగని శాతం ఫీజును పూర్తిగా పాపంగా చూడటం కూడా సరికాదు. చేతిలో దమ్మిడీ లేని కూలీ ముందుగా ఫీజు కట్టలేడు. గెలిచాక ఇస్తానంటే తీసుకునే ప్లీడరే అతనికి దిక్కు. బీమా కంపెనీ వాదనల్ని ఒక్కొక్కటిగా ఎదుర్కొని ట్రైబ్యునల్‌లో ఏళ్ల తరబడి పోరాడిన న్యాయవాదులు ఈ రెండు జిల్లాల బార్‌లలోనూ ఉన్నారు. వాళ్ల శ్రమకు తగిన ఫీజు ఇవ్వాల్సిందే. నిషేధం ఉన్నచోట ఉచిత న్యాయ సహాయం గట్టిగా పనిచేయకపోతే ఆ ఖాళీలోకి దళారే వస్తాడు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం 12వ సెక్షన్ మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయం ఎంతని చూడకుండానే ఉచిత న్యాయవాదిని ఇస్తుంది. భర్తను పోగొట్టుకున్న ఏ స్త్రీ అయినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అడగవచ్చు. ఈ సంగతి ఊళ్లకు చేరినంత మేరా దళారి పని తగ్గుతుంది.

దళారికి అయిదు వందలు

న్యాయవాదికి గీత గీసిన చట్టం దళారి దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. బార్ కౌన్సిల్ నియమాలు సనదు ఉన్నవాడినే కట్టడి చేస్తాయి. దళారికి సనదు లేదు, పోయేదీ లేదు. అతని కోసం ఉన్నది 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టంలోని దళారుల సెక్షన్. 2023లో పార్లమెంటు ఆ పాత చట్టాన్ని రద్దు చేసి, ఈ భాగాన్ని 45ఎ సెక్షన్‌గా అడ్వొకేట్స్ చట్టంలోకి తెచ్చింది. దాని ప్రకారం జిల్లా జడ్జి, సెషన్స్ జడ్జి, జిల్లా మేజిస్ట్రేట్, కలెక్టరు హోదాకు తగ్గని రెవెన్యూ అధికారి అలవాటుగా దళారీ చేసేవారి పేర్లతో జాబితా తయారుచేసి ప్రకటించవచ్చు. పేరు చేర్చేముందు అతని వాదన వినాలి. పేరు జాబితాలో ఉన్నవాడు ఆ తర్వాత మళ్లీ దళారీ చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇందులో రెండు లోపాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. జాబితా ప్రకటించనంత కాలం నేరమే లేదు. ఇక దళారి ఎవరన్న నిర్వచనంలో కోర్టు ఆవరణలు, రెవెన్యూ ఆఫీసులు, రైల్వే స్టేషన్లు, పడవ రేవులు, బస చేసే చోట్లు పేరుపేరునా ఉన్నాయి. ఆసుపత్రి పేరు లేదు. జనం గుమిగూడే ఇతర చోట్లు అన్న మాటలోకి దాన్ని లాగవచ్చు గానీ, ఈ వ్యాపారానికి ముఖద్వారం ఏదో ఆ చోటును 2023లో సవరించినప్పుడైనా పేరుపెట్టి చెప్పి ఉండాల్సింది. ఇరవై ఆరు లక్షల పరిహారంలో ఆరున్నర లక్షలు మింగేవాడికి 500 జరిమానా అంటే అది శిక్ష అనిపించుకోదు.

వాటా ఒప్పందం దళారితో రాసుకుంటే చెల్లుతుందా అన్న ప్రశ్నకూ సూటి జవాబు లేదు. వ్యాజ్యానికి పెట్టుబడి పెట్టి లాభంలో వాటా తీసుకోవడం ఇంగ్లండులో లాగా ఇక్కడ దానంతటదే చట్టవిరుద్ధం కాదని ప్రివీ కౌన్సిల్ 1876లోనే చెప్పింది. న్యాయవాది కాని మూడో వ్యక్తి పెట్టుబడి పెట్టడానికి అడ్డు లేదని 2018లో సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. అయితే నిస్సహాయుణ్ణి దోచే ఒప్పందాన్ని న్యాయస్థానం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద కొట్టేయగలదు. అందుకు బాధితుడు మళ్లీ కోర్టు మెట్లెక్కాలి. ఎక్కేవారు ఎందరు?

లేని ప్రమాదాలు

కేసుల పోగు ఎంత దూరం వెళుతుందో ఉత్తరప్రదేశ్‌లో బయటపడింది. దొంగ క్లెయిమ్‌ల మీద అలహాబాద్ హైకోర్టు 2015 అక్టోబరులో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరాక 2021లో చూస్తే బృందానికి అందిన అనుమానాస్పద క్లెయిమ్‌లు 1,376. అప్పటికి విచారణ పూర్తయిన 246లోనే 166 మంది తప్పు చేసినట్టు ప్రాథమికంగా తేలింది, 83 క్రిమినల్ కేసులు నమోదయ్యాయి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 28 మంది న్యాయవాదుల్ని సస్పెండ్ చేసింది.

దొంగ క్లెయిమ్ ఎందుకు పుడుతుందో పత్రికల్లో రోజూ కనిపించే ‘గుర్తు తెలియని వాహనం ఢీకొని’ అన్న వార్తలో ఉంది. బండి దొరికితే పరిహారానికి పై హద్దు లేదు. దొరక్కపోతే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇవి 25,000, 12,500 మాత్రమే. ఒకే మనిషి ప్రాణానికి రెండు లక్షలు ఒకపక్క, ఇరవై ఆరు లక్షలు ఇంకోపక్క. ఆ తేడా చూపించి, బీమా ఉన్న ఎవరిదో బండిని ప్రమాదంలో ఇరికిద్దామని దళారి చెబుతాడు. సొంతంగా బైకు మీంచి పడ్డవాడి కేసులోకి చుట్టం బండి అలాగే వస్తుంది. పట్టుబడితే భారతీయ న్యాయ సంహిత 246వ సెక్షన్ కింద కోర్టులో దొంగ క్లెయిమ్, 229 కింద తప్పుడు సాక్ష్యం, 318 కింద మోసం. వాటిలో మొదటి ముద్దాయి కాగితం మీద సంతకం చేసిన బాధితుడే అవుతాడు.

ఈ అనుమానం నిజమైన బాధితుల మీదికీ మళ్లుతుంది. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న సాకుతో బీమా కంపెనీలు పరిహారం కాదంటాయి. గాయపడినవాణ్ణి ముందు ఆసుపత్రికి తీసుకెళతారు గానీ స్టేషన్‌కు పరిగెత్తరని, ఆలస్యం ఒక్కటే అబద్ధానికి రుజువు కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పిన మాట అందుకే గుర్తుంచుకోదగ్గది.

పదో రోజు కాగితం

దళారిని శిక్షించడం కన్నా అతని అవసరం లేకుండా చేయడం మేలు. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ అందుకు దారి వేసింది. దాని కింద చేసిన నియమాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రమాదం తెలిసిన 48 గంటల్లో పోలీసులు మొదటి నివేదికను ట్రైబ్యునల్‌కూ బీమా కంపెనీకీ పంపాలి. 10 రోజుల్లో బాధితుల హక్కులు, కేసు నడిచే తీరు వివరించే రెండో నంబరు ఫారం వాళ్ల చేతికివ్వాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రైబ్యునల్‌లో పెట్టాలి. దాన్నే పరిహార దరఖాస్తుగా తీసుకునే వీలు 166వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్‌లో ఉంది. బీమా కంపెనీ ప్రత్యేక అధికారిని పెట్టి, ఆ నివేదిక అందిన 30 రోజుల్లో ఎంత ఇస్తుందో చెప్పాలి. ఇవన్నీ కచ్చితంగా అమలు చేయాలని, పోలీస్ స్టేషన్లలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉండాలని 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. బండి ఆచూకీ దొరకని కేసుల్లో 161వ సెక్షన్ పథకం గురించి బాధితులకు పోలీసులే చెప్పాలని 2024 జనవరిలో మరో ఆదేశం వచ్చింది.

రెండో నంబరు ఫారం ఈ మొత్తంలో అతి ముఖ్యమైన కాగితం. దళారి మొదటి రోజే వస్తాడు, ఫారం పదో రోజుకు వస్తుంది. ఆ తొమ్మిది రోజుల్లోనే సంతకాలు అయిపోతాయి. అదీ తెలుగులో, చదివి వినిపించే మనిషితో రాకపోతే పదో రోజు వచ్చినా ఒకటే.

దళారికి మొదటి పట్టు చాలాసార్లు ఆసుపత్రి ఖర్చు దగ్గరే దొరుకుతుంది. పదో ఇరవయ్యో వేలు అడ్వాన్సు ఇచ్చి ఆధార్, పాస్‌బుక్ పట్టుకుపోతాడు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా చికిత్స ఇస్తుంది. ఆరోగ్య పథకంగా చూసే దీన్ని దళారీ నిరోధక చట్టంగానూ లెక్కించాలి.

అదే 2019 సవరణ మరోవైపు దళారికి ఒక ఆయుధం ఇచ్చింది. దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెట్టింది. చాలా ఏళ్లుగా గడువే లేని చోట ఇది కొత్త భయం. నెలల తరబడి మంచాన పడ్డవాడికి, కర్మకాండలు ముగించుకుని పిల్లల చదువుల గురించి ఆలోచిస్తున్న ఇల్లాలికి ఇప్పుడే సంతకం పెట్టకపోతే పైసా రాదని చెప్పడం తేలికైంది. ఈ గడువు చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టు ముందుంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో దరఖాస్తుల్ని కొట్టేయొద్దని కోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం ఇచ్చింది.

ఇతర దేశాలు దళారి సొమ్ము దారినే మూసేశాయి. ఇంగ్లండు, వేల్స్‌లో 2013 ఏప్రిల్ 1 నుంచి గాయాల కేసులు అప్పగించినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం నిషేధం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2019 డిసెంబరు 5 నుంచి మోటారు గాయాల బాధితుణ్ణి కేసు వేయమని సంప్రదించడాన్నే నేరం చేసింది, కేసు తెచ్చినందుకు డబ్బు ముట్టజెప్పడాన్నీ నిషేధించింది. అమెరికాలోని ఫ్లోరిడాలో ప్రమాదం జరిగిన 30 రోజుల దాకా బాధితులకు, బంధువులకు న్యాయవాదులు ఉత్తరం రాయకూడదు. ఆ నిబంధన సరైందేనని 1995లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. భారతదేశానికీ ఇలాంటి అనుభవం ఉంది. 1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగిన కొద్ది రోజులకే అమెరికా న్యాయవాదులు వచ్చి బస్తీల్లో సంతకాలు సేకరించారు. 1985లో పార్లమెంటు ప్రత్యేక చట్టం తెచ్చి బాధితులందరి తరఫునా కేసు నడిపే హక్కును కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ చట్టం మీద విమర్శలు చాలా ఉన్నాయి గానీ, దుఃఖంలో ఉన్నవారి సంతకం కోసం పోటీ పడనివ్వకూడదన్న సంగతిని ఈ దేశం అప్పుడే గుర్తించింది. ఇంగ్లండు, క్వీన్స్‌లాండ్‌లలో ఉన్నటువంటి కమీషన్ నిషేధం మోటారు వాహనాల చట్టంలో ఇప్పటికీ లేదు.

సొమ్ము ఎవరి ఖాతాలో

ఉత్తరాంధ్రలో వలసది మరో సమస్య. కొడుకు చెన్నైలోనో హైదరాబాదులోనో బిల్డింగు పనికి వెళ్లి అక్కడి రోడ్డు మీద చనిపోతే, కేసు అక్కడే వేయాలని, మీరు తిరగలేరని దళారి చెబుతాడు. చట్టం అలా అనలేదు. ప్రమాదం జరిగిన చోటే కాక, బాధితులు నివసించే చోట గానీ, ఎదుటి పక్షం ఉండే చోట గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. సోంపేట దగ్గరి పల్లెలో ఉన్న తల్లి తన జిల్లాలోని ట్రైబ్యునల్‌కే రావచ్చు.

లోక్ అదాలత్‌లో రాజీ త్వరగా అయిపోతుంది గానీ ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. పైన చెప్పిన లెక్కను కాగితం మీద వేసుకుని, కంపెనీ ఇస్తానన్న మొత్తం దానికి ఎంత తక్కువో చూసి మరీ ఒప్పుకోవాలి. వాటా త్వరగా చేతికి రావాలన్న తొందర దళారికి ఉంటుంది, కుటుంబానికి ఉండనక్కర్లేదు.

సొమ్ము విడుదలయ్యే రోజు కూడా కీలకమే. చదువు రానివారి పరిహారాన్ని ఒకేసారి చేతికివ్వకుండా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించాలని, మైనర్ల వాటా వాళ్లు పెద్దయ్యేదాకా భద్రంగా ఉంచాలని సుప్రీంకోర్టు 1993లోనే ట్రైబ్యునళ్లకు మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఇంకో అడుగు వేసి, బీమా కంపెనీలు పరిహారాన్ని బాధితుల బ్యాంకు ఖాతాలోకే నేరుగా పంపేలా ట్రైబ్యునళ్లు చూడాలంది. ఎవరూ తీసుకోక కోర్టుల్లో పేరుకుపోయిన పరిహారం సొమ్ముపై ఏప్రిల్‌లో ఇచ్చిన మరో ఆదేశంలో, దరఖాస్తు దశలోనే బాధితుల బ్యాంకు ఖాతా, ఆధార్, చిరునామా వివరాలు తీసుకోవాలని చెప్పింది. ఖాతా బాధితుడి పేరున, ఒక్కడి పేరునే ఉండాలి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, ఆ ఖాతాకు అనుసంధానమైన ఫోను నంబరు ఇంట్లోనే ఉండాలి. ఉమ్మడి ఖాతా తెరుద్దామని గానీ, ఫోను నంబరు మారుద్దామని గానీ మధ్యవర్తి అంటే ఆ సంగతి ట్రైబ్యునల్ జడ్జికే నేరుగా చెప్పవచ్చు. అలాంటి ఫిర్యాదులు నాలుగు చేరితే అడ్వొకేట్స్ చట్టం 45ఎ సెక్షన్ కింద దళారుల జాబితా తయారుచేయడానికి జిల్లా జడ్జికి కావలసిన ఆధారం దొరుకుతుంది.